చిన్న పిల్లికి పదే పదే కడుపు చెడుతుంటే: తిండితో దారికి తెచ్చే పద్ధతి

మలం నాలుగు రోజులు గట్టిగా వస్తుంది, ఐదో రోజు పేడలా, మర్నాడు నీళ్ళలా. మళ్ళీ రెండు రోజులు బాగుంటుంది. పిల్లి మాత్రం హుషారుగానే ఉంటుంది, ఆడుకుంటుంది, గిన్నె నాకేస్తుంది. మూడు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లుల్లో ఇది తరచూ కనిపించే బాధ. చాలా ఇళ్ళల్లో దీన్ని సాగదీసేది మన కంగారే. సోమవారం పెరుగన్నం, బుధవారం కొత్త బ్రాండు, శుక్రవారం మెడికల్ షాపు మాత్ర. ఇలాగైతే పేగులకి ఒక తిండికి అలవాటుపడే వ్యవధే ఉండదు. ఏది పడిందో, ఏది పడలేదో మనకీ అంతుపట్టదు. అందుకే ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా నడిచే నియమం ఒకటే: ఒకసారికి ఒక్క మార్పు, దానికి సరిపడా గడువు, రోజుకో వాక్యం నోటుపుస్తకంలో.

తిండి జోలికి వెళ్ళకుండా డాక్టర్ దగ్గరికే వెళ్ళాల్సిన సందర్భాలు

టీకాలు పడని కూనకి వాంతులు, విరేచనాలు కలిసి వచ్చి ఒక మూల ముడుచుకుని ఉంటే అది పాన్‌ల్యూకోపీనియా అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు కావచ్చు. ఇందులో గంటలే లెక్క, రేపటిదాకా చూడొద్దు. మూడు నెలల లోపు కూనకి నీళ్ళ విరేచనాలు మొదలైతే అదే రోజు చూపించాలి, ఆ వయసులో ఒంట్లో నీళ్ళు, చక్కెర రెండూ త్వరగా పడిపోతాయి. రోజులో మూడుసార్లకి మించి వాంతులు, తారులాంటి నల్లటి మలం, ధారగా నెత్తురు, 24 గంటలుగా ఏమీ తినకపోవడం, బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటున్నా అంతే.

ఒంట్లో నీళ్ళు తగ్గాయేమో ఇంట్లోనే చూడొచ్చు. చిగుళ్ళ మీద వేలు పెట్టండి, తడిగా జారాలి. అంటుకున్నట్టు ఉంటే తగ్గాయన్నమాట. భుజాల మధ్య చర్మాన్ని పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి, గుడారంలా నిలబడకూడదు.

ఇంకో రెండు సంగతులు చాలామంది పొరబడతారు. మగపిల్లి మలమూత్రాల ఇసుక ట్రేలో కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకం అనుకుంటారు, నిజానికి మూత్రం ఆగిపోయి ఉండొచ్చు. ట్రేలో ఇసుక తడి కాకపోతే అది అర్ధరాత్రైనా పరుగెత్తాల్సిన పని. రెండోది దారం. కుట్టుపని ఉన్న ఇంట్లో పిల్లి వాంతులు చేసుకుంటుంటే నోరు తెరిచి నాలుక కింద చూడండి, దారం అక్కడ చుట్టుకుని మిగతాది పేగుల్లో ఉండొచ్చు. వెనక నుంచి దారం వేలాడుతున్నా లాగొద్దు, పేగు కోసుకుపోతుంది.

మనుషుల మందులు వద్దు. పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్ర చంపేయగలదు. మనకి విరేచనాలు ఆపే మాత్రలు కూడా డాక్టర్ చెప్పకుండా వేయకూడదు. విరేచనాలకి వాడే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది వేసిన రెండు రోజులు ఆగినట్టు కనిపిస్తుంది. కానీ పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని కూడా దెబ్బతీస్తుంది కాబట్టి, కారణం తెలియకుండా పదే పదే వేస్తే బాధ ఇంకా ముదురుతుంది.

మొదటి అడుగు: మలాన్ని సరిగ్గా చూడటం

పశువైద్యులు మలాన్ని 1 నుంచి 7 దాకా అంకెలతో లెక్కిస్తారు. 1 అంటే రాళ్ళలా ఎండిపోయిన ఉండలు. 2 అంటే గట్టిగా, గణుపులు గణుపులుగా ఉండి తీస్తే ఇసుక మీద మరక మిగలనిది. 3 ఆకారం ఉంటుంది గానీ తడి మరక వదులుతుంది. 4, 5లకి వచ్చేసరికి మెత్తబడి కుప్పపడుతుంది. 6కి ఆకారం ఉండదు, 7 వట్టి నీళ్ళు. మనకి కావలసింది 2, అప్పుడప్పుడు 3 అయినా ఫరవాలేదు. నోటుపుస్తకంలో రోజూ ఈ అంకె, ఎన్నిసార్లు వెళ్ళింది, ఏం తింది అనేవి రాస్తే చాలు.

అంకెతో పాటు ఏ పేగు బాధో కూడా గమనించాలి, ఎందుకంటే తిండి ఎంపిక దాని మీదే ఆధారపడుతుంది. రోజుకి ఐదారుసార్లు వెళ్ళి కొంచెం కొంచెంగా, జిగురుతో, చివర్లో ఒకటి రెండు ఎర్రటి నెత్తురు చుక్కలతో వస్తుంటే అది పెద్దపేగు బాధ. రెండు మూడుసార్లే అయినా ఎక్కువ మొత్తంలో వచ్చి, ఎంత తిన్నా ఒళ్ళు పట్టకపోతే చిన్నపేగు. పెద్దపేగు రకానికి పీచు మేలు చేస్తుంది. చిన్నపేగు రకానికి తేలిగ్గా అరిగే మాంసకృత్తులు కావాలి, పీచు పెంచితే అంతగా ఉపయోగం ఉండదు.

వారానికోసారి బరువు చూడండి. వంటింటి డిజిటల్ తూకం మీద ప్లాస్టిక్ టబ్బు పెట్టి సున్నా చేసి, పిల్లిని అందులో కూర్చోబెట్టాలి. పిల్లిని ఎత్తుకుని మనం బాత్రూమ్ తూకం ఎక్కితే వంద గ్రాముల తేడా తెలియదు, మనకి కావలసింది ఆ వంద గ్రాములే. ఆరు నెలల లోపు కూన వారానికి దాదాపు 100 గ్రాములు పెరగాలి. రెండు వారాలు వరసగా పెరగకపోతే తిండి ప్రయోగాలు ఆపి చూపించండి.

రెండో అడుగు: పురుగుల సంగతి తేల్చుకోవడం

ఎంత మంచి తిండి పెట్టినా పేగుల్లో జియార్డియా అనే కంటికి కనిపించని పరాన్నజీవి ఉంటే విరేచనాలు తిరిగి వస్తూనే ఉంటాయి. ఏలికపాములకి, కొంకిపురుగులకి ఇచ్చే మామూలు పురుగుల మందు ఒక మోతాదుతో జియార్డియా పోదు. "డీవార్మింగ్ చేయించాం కదా" అని పరీక్ష మానేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు.

వరసగా మూడు రోజుల నమూనాలు తీసుకోండి, ఎందుకంటే పరాన్నజీవులు రోజూ ఒకేలా బయటపడవు. ఒక్కో నమూనా బఠాణీ గింజ రెండింతలుంటే చాలు, ఇసుక అంటని భాగం నుంచి తీయాలి. మూత గట్టిగా ఉండే డబ్బాలో పేరు, తేదీ రాసి, పురుగుల గుడ్ల పరీక్షకైతే ఫ్రిజ్‌లో 24 గంటల దాకా ఉంచొచ్చు. జియార్డియాకి విడిగా కిట్ పరీక్ష అడగండి.

పెంపకందారుల దగ్గర నుంచి తెచ్చిన పర్షియన్, బ్రిటిష్ షార్ట్‌హెయిర్ లాంటి జాతి కూనలకి ఇంకో అనుమానం ఉండాలి: ట్రైట్రైకోమోనాస్ అనే మరో పేగు పరాన్నజీవి. పిల్లి చలాకీగానే ఉంటుంది, మలం మాత్రం దుర్వాసనతో, జిగురుతో నెలల తరబడి వచ్చిపోతూ ఉంటుంది. దీన్ని పీసీఆర్ పరీక్షతో పట్టుకుంటారు. ఈ నమూనాని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చల్లదనానికి ఆ జీవి చచ్చిపోతుంది. దీనికి రోనిడజోల్ అనే వేరే మందు ఉంది, అది డాక్టర్ లెక్కగట్టి ఇవ్వాల్సిందే. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆస్పత్రుల్లాంటి చోట్ల నమూనాలు ఎలా తేవాలో ముందే కనుక్కుని వెళ్తే పని ఒక్కసారిలో అవుతుంది.

మందు వాడుతున్నన్ని రోజులూ ట్రేని రోజూ వేడినీళ్ళతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. జియార్డియా తడిలో బతుకుతుంది, ఎండితే చస్తుంది. పిల్లి వెనకభాగం బొచ్చు కూడా తుడవండి. లేకపోతే తనని తాను నాక్కుని మళ్ళీ తెచ్చుకుంటుంది.

మూడో అడుగు: నోట్లోకి వెళ్ళేవన్నీ రాయడం

మూడు రోజులు ఏమీ మార్చకుండా, ఉన్నదున్నట్టు రాయండి. "క్యాట్ ఫుడ్ మాత్రమే పెడతాం" అనే ఇంట్లోనూ జాబితా పొడవుగానే తేలుతుంది. పొద్దున్న అమ్మమ్మ పోసే పాలు, పిల్లలు భోజనాల దగ్గర వేసే చికెన్ పులుసు ముక్క, పక్కింటివాళ్ళు పెట్టే ఎండుచేప, రాత్రిపూట పట్టే బల్లి, వేళ్ళ నుంచి నాకించే క్రీమ్ ట్రీట్.

పాలు ఇందులో మొదటి దోషి. తల్లిపాలు మానాక చాలా పిల్లుల్లో పాలలోని చక్కెరని, అంటే లాక్టోజ్‌ని, అరిగించే ఎంజైము తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దపేగులో పులిసి నీళ్ళని లాక్కుంటుంది. ఆవుపాలైనా గేదెపాలైనా, మరిగించినా నీళ్ళు కలిపినా లాక్టోజ్ లాక్టోజే. కూరముక్కలో ఉప్పూ కారం ఒక ఎత్తు, ఉల్లి వెల్లుల్లి ఇంకో ఎత్తు. అవి పిల్లి ఎర్ర రక్తకణాలని పగలగొడతాయి. ముక్కని నీళ్ళతో కడిగినా మసాలా పోదు. ఎండుచేపలో ఉప్పు విపరీతం. పచ్చి చేపల్లో కొన్నిటికి బి1 విటమిన్‌ని నాశనం చేసే ఎంజైము ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. పచ్చి కోడిమాంసం, కోళ్ళ దుకాణం పేగులు అసలే వద్దు. సాల్మొనెల్లా ఎలాగూ ఉంది, దానికి తోడు 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లోనే బర్డ్ ఫ్లూ బయటపడింది.

బల్లులు, బొద్దింకలు ఆపడం కష్టమే. కానీ బల్లిని తిన్న రోజు, దాని తర్వాతి రెండు రోజుల అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకోండి. వెచ్చటి ప్రాంతాల్లో బల్లుల ద్వారా పిల్లి కాలేయానికి చేరే పురుగు ఒకటుంది కాబట్టి డాక్టర్‌కి ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

నాలుగో అడుగు: పేగులకి విశ్రాంతి, 3 నుంచి 5 రోజులు

లంఖణం పరమౌషధం అన్నది మనుషుల మాట. పిల్లిని పస్తు పెట్టొద్దు. తినకపోతే, అందులోనూ బొద్దుగా ఉన్న పిల్లికి, కొవ్వు కాలేయానికి చేరి ప్రాణం మీదికి వస్తుంది. కూనలకి చక్కెర పడిపోతుంది. చెయ్యాల్సిందల్లా తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు పెట్టడం.

ఎంత పెట్టాలో ఫోన్ క్యాలిక్యులేటర్‌తో తేల్చుకోవచ్చు. కిలోల్లో బరువుని దానితోనే మూడుసార్లు (3 × 3 × 3 లాగా) గుణించి, వచ్చినదానికి రెండుసార్లు వర్గమూలం నొక్కి, 70తో గుణించండి. 3 కిలోల పిల్లికి 27, తర్వాత 5.2, తర్వాత 2.28, చివరికి 160 కిలోక్యాలరీలు. ఇది పడుకుని ఉంటే సరిపోయే లెక్క. ఏడాది దాటి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పిల్లికి దీన్ని 1.2తో, ఆపరేషన్ కాని దానికి 1.4తో, నాలుగు నెలల నుంచి ఏడాది లోపు దానికి దాదాపు 2తో, నాలుగు నెలల లోపు కూనకి 2.5తో గుణించాలి. అంటే ఆపరేషన్ అయిన 3 కిలోల పిల్లికి రోజుకి 190, రెండు కిలోల ఆరు నెలల పిల్లికి 235 వస్తుంది. చిన్నదే ఎక్కువ తినాలి, అది పొరపాటు లెక్క కాదు.

వంట ఇలా. చర్మం, ఎముక లేని కోడి బ్రెస్ట్ 250 గ్రాములు తీసుకుని అంగుళం ముక్కలు చేయండి. మునిగేదాకా నీళ్ళు పోసి, మరుగు వచ్చాక సన్నటి మంట మీద 15 నుంచి 20 నిమిషాలు ఉడికించండి. ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద ఏదీ వేయొద్దు, ఆ ముద్ద అంటిన గరిటె కూడా పెట్టొద్దు. చల్లారాక పైన తేలిన కొవ్వు తీసేసి, ముక్కల్ని వేళ్ళతో పీచులుగా విడదీయండి. పీచు పొడవుగా ఉంటే ఆత్రంగా తినే పిల్లి మింగి కక్కేస్తుంది, అరంగుళం దాటకుండా తుంచండి.

ఉడికిన బ్రెస్ట్ 100 గ్రాముల్లో దాదాపు 160 కిలోక్యాలరీలు ఉంటాయి. కాబట్టి పైన చెప్పిన 3 కిలోల పిల్లికి రోజుకి 120 గ్రాములు, ఆరు నెలల దానికి 150 గ్రాములు. మొదటి రోజు ఇందులో నాలుగింట మూడు వంతులే, ఐదారు పూటలుగా. ప్రతి పూటా ఉడికిన నీళ్ళు రెండు మూడు చెంచాలు కలిపి గోరువెచ్చగా పెట్టండి. నీళ్ళూ లోపలికి పోతాయి, వాసనకి పిల్లి ఇష్టంగా తింటుంది. అన్నం కలపాల్సిన అవసరం లేదు. కుక్కలకి చెప్పే "చికెన్, అన్నం సగం సగం" పిల్లికి నప్పదు, దాని పేగులు మాంసం కోసం కట్టినవి. ఫ్రిజ్‌లో రెండు రోజులకి మించి ఉంచకండి.

అయిదు రోజులు దాటి వట్టి చికెన్ మీద ఉంచకూడదు. విరేచనాలు ఆగాయని, పిల్లి లొట్టలేస్తోందని అదే కొనసాగించే ఇళ్ళు చాలా ఉన్నాయి. మాంసంలో కాల్షియం దాదాపు శూన్యం, భాస్వరం ఎక్కువ. ఒళ్ళు ఆ లోటుని ఎముకల్లోంచి తీసుకుంటుంది. రెండు మూడు నెలల్లో కూన కుంటుతూ వస్తుంది, సోఫా మీంచి దూకితేనే కాలు విరుగుతుంది. ఇది చూడాల్సిన బాధ కాదు, పూర్తిగా మన చేతుల్లో ఉన్నది. నాలుగు నెలల లోపు కూనకైతే చికెన్ రెండు రోజులే ఇచ్చి, డాక్టర్‌ని అడిగి నేరుగా కడుపు బాధలకి చేసిన క్యాట్ ఫుడ్‌కి మారడం మంచిది.

ఐదో అడుగు: ఒకే తిండి, పది రోజుల్లో మార్పు

ఇక పిల్లి తినబోయే అసలు తిండిని ఎంచుకోవాలి. ప్యాకెట్ మీద అది సంపూర్ణ ఆహారం అని, ఏ వయసుకో రాసి ఉండాలి. కొన్ని పౌచ్‌లు చిరుతిండి కిందికి వస్తాయి, వాటి మీదే బతికించకూడదు. కుక్కల తిండిలో పిల్లికి గుండెకి, కళ్ళకి కావలసిన టారిన్ అనే పోషకం చాలినంత ఉండదు, అదీ కుదరదు. రాయల్ కానిన్, ఫార్మినా వంటి కంపెనీలు కడుపు బాధలకి విడిగా తిండి చేస్తాయి. ఖర్చు ఎక్కువే, కానీ మూడు నాలుగు వారాలు వాడి మామూలుదానికి మారొచ్చు. ఏది కొన్నా దాని మీదే ఉండండి, రుచులు మార్చొద్దు.

డ్రై ఫుడ్ 100 గ్రాముల్లో సుమారు 380 కిలోక్యాలరీలు అనుకుంటే (ప్యాకెట్ మీద చూసి సరిచేసుకోండి) మన 3 కిలోల పిల్లికి రోజుకి 50 గ్రాములు.

మొదటి మూడు రోజులు: చికెన్ 90 గ్రా., కొత్త తిండి 12 గ్రా.
4, 5, 6 రోజులు: చికెన్ 60, కొత్తది 25.
7, 8, 9 రోజులు: చికెన్ 30, కొత్తది 38.
పదో రోజు నుంచి: కొత్తది 50.

ఈ మధ్యలో మలం 5కి జారితే వెనక్కి మొదటికి పోనక్కర్లేదు. ముందు మెట్టుకి దిగి రెండు రోజులు ఆగి మళ్ళీ ఎక్కండి. అదే మెట్టులో రెండుసార్లు జారితే ఆ తిండి దానికి పడనట్టే.

గుప్పెడు, గిన్నెడు కొలతలు పనికిరావు. అయిదు గ్రాముల పొరపాటంటే 50 గ్రాముల తిండిలో పదో వంతు. అతిగా తినడం ఒక్కటే ఎన్నో పిల్లులకి మలం పల్చబడటానికి కారణం. తిన్న అయిదు నిమిషాల్లోనే నమలని గింజలు అలాగే కక్కేస్తుంటే జబ్బు కాదు, ఆత్రం. లోతు గిన్నె తీసేసి వెడల్పు పళ్ళెంలో పరచండి, నాలుగైదు పూటలు చేయండి.

వానాకాలంలో డ్రై ఫుడ్ తేమ లాగి బూజు పడుతుంది, అందులోని కొవ్వు చెడిపోతుంది. విడిగా తూచి అమ్మే తిండికి తేదీ ఉండదు, కడుపు సున్నితమైన పిల్లికి అది వద్దే వద్దు. ప్యాకెట్‌ని మడిచి, దాంతో సహా మూత గట్టి డబ్బాలో పెట్టి, నెలా నెలన్నర లోపు అయిపోయే సైజే కొనండి. వెట్ ఫుడ్ ఎండల్లో గంటకి మించి పళ్ళెంలో ఉండకూడదు.

పెద్దపేగు రకానికి చేర్చాల్సినవి

జిగురు, మాటిమాటికీ పరుగులు ఉన్న పిల్లికి ఇసబ్‌గోల్ బాగా పనిచేస్తుంది. చక్కెర, రుచులు కలపనిది తీసుకోండి. టీస్పూన్‌లో ఎనిమిదో వంతుని మూడు చెంచాల నీళ్ళలో పది నిమిషాలు నాననిచ్చి, జెల్లీలా అయ్యాకే తిండిలో కలపాలి. రోజుకి రెండు పూటలు. నాలుగు రోజుల్లో తేడా లేకపోతే పావు టీస్పూన్ దాకా పెంచొచ్చు. పొడిగా చల్లితే లోపల నీళ్ళు లాగి గట్టిపడుతుంది. పిల్లి వాసన చూసి వెళ్ళిపోతే, ఆవిరి మీద ఉడికించి మెదిపిన తియ్యగుమ్మడి రోజుకి ఒకటి రెండు టీస్పూన్లు ప్రయత్నించండి. రెండూ కలిపి మొదలుపెట్టొద్దు.

పిల్లులకి చేసిన ప్రోబయోటిక్ పొడిని రెండు నుంచి నాలుగు వారాలు వాడి చూడొచ్చు. యాంటీబయాటిక్ నడుస్తుంటే శాకరోమైసిస్ బౌలార్డి రకం అడగండి, అది ఈస్టు కాబట్టి ఆ మందుకి చావదు. పెరుగు దీనికి బదులు కాదు.

మూడు వారాలైనా దారికి రాకపోతే

అప్పుడు ఒక ప్రత్యేకమైన మాంసం పడటం లేదేమో చూడాలి. పిల్లులకి ఎక్కువగా పడనివి గొడ్డుమాంసం, చేప, కోడి. మన దగ్గర దొరికే తిండి దాదాపు అంతా కోడి, చేపలే. సముద్రపు చేప రుచి అని రాసి ఉన్నా వెనక చిన్న అక్షరాల్లో కోడి ఉంటుంది. కాబట్టి రుచి పేరు చూడకుండా, పదార్థాల జాబితా చివరిదాకా చదవండి. ఇప్పటిదాకా తినని మాంసంతో చేసిన సంపూర్ణ ఆహారం గానీ, మాంసకృత్తుల్ని ఒళ్ళు గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలు చేసిన హైడ్రోలైజ్డ్ ఆహారం గానీ డాక్టర్ రాస్తారు. చర్మం దురదలకైతే రెండు మూడు నెలలు పడుతుంది గానీ, కడుపు బాధకి రెండు నుంచి నాలుగు వారాల్లోనే తేలిపోతుంది.

ఈ రోజుల్లో ఒక్క ట్రీట్ కూడా ఉండకూడదు. కోడి రుచి కలిపిన పురుగుల మాత్ర, ఇంట్లో రెండో పిల్లి గిన్నె, సింకులో నానబెట్టిన పళ్ళాలు, అన్నీ లెక్కే. ఇంట్లో అందరికీ చెప్పి ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి. చాటుగా పడిన ఒక్క ముక్కతో నాలుగు వారాల శ్రమ పోతుంది.

బాగుపడ్డాక ఒక పరీక్ష మిగిలి ఉంటుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. పాత మాంసం ఒకటి, ఉదాహరణకి ఉడికించిన కోడి, రోజుకి రెండు చెంచాలు కలిపి ఒకటి రెండు వారాలు చూడండి. మలం చెడితే వెంటనే ఆపండి, కారణం తెలిసిపోయింది. చెడకపోతే కోడి నిర్దోషి, అప్పుడు చేపని ఇలాగే చూడండి. ఈ పరీక్ష చేయకపోతే ఖరీదైన తిండిని జీవితాంతం అనవసరంగా కొనాల్సి రావచ్చు.

నాలుగు వారాల ఆహార పరీక్షకీ లొంగకపోతే బి12 స్థాయి, పిల్లుల వ్యాధినిరోధక శక్తిని దెబ్బతీసే ఫీలైన్ ల్యుకీమియా, ఎఫ్ఐవీ వైరస్‌ల పరీక్షలు, కడుపు స్కానింగ్ అడగాల్సిన సమయం. చిన్నపేగు చాలాకాలం చెడి ఉంటే బి12 ఒంటికి పట్టదు, అది తక్కువుంటే తిండి సరైనదైనా ఫలితం కనిపించదు. వారానికో ఇంజెక్షన్‌తో ఆ లోటు తీరుస్తారు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు నోటుపుస్తకం, తిండి ప్యాకెట్ వెనకభాగం ఫోటో, అదే రోజు మలం నమూనా పట్టుకెళ్ళండి.